ఖో

మా నోటుబుక్కుల తెలుగు పాటలే ఉంటయి,
అక్షరాలు మాత్రం మరాఠీవి.
సిరోంచ బడిల మాకు తెలుగు రాయ నేర్పినోళ్లు లేరు.
అమ్మ నోట్లకెల్లి చెవుల పడ్డదాన్ని
ఆ తలగీత కింద వేలాడదీసుకున్నం,
తీగె మీద ఆరేసిన బట్టల తీరు.

ఇయ్యాల పాస్టర్ జక్రయ్య నిరీక్షణ గురించి చెప్పిండు,
ముప్పావు గంట.
మేమూ నిరీక్షించినం.
గడియారం కింద కూసున్న రాజుబాయి
ఆమేన్ రెండు మార్లు ముందుగాలనే అన్నది.

ఆశీర్వాదం అయ్యీ కాంగనే
ఎవలి చెప్పులు ఎవలేసుకున్నరో!
ప్రాణహిత దిక్కు పడ్డం పదకొండు మందిమి.
పన్నెండోది శాలన్ తాయి,
అప్పటికే ఇసుకల గీత గీసి నిలబడ్డది.
ఆమె మా గుడికి రాదు, మంగళవారం ఉపాసముంటది,
ఆటకైతే ఎన్నడు నాగా పెట్టది.
పోస్టాఫీసుల ముద్దరలు గుద్దే చెయ్యి.
ఆ చెయ్యి వీపు మీద పడితే
సోమవారం దాంక యాదికుంటది.

ఇటు దిక్కు ఒక వెదురు కట్టె,
అటు దిక్కు పాస్టరమ్మ గొడుగు పాతినం.
చీరెలు ఎగజెక్కినం.
నలభై దాటిన మోకాళ్లు
ఇసుకల కూసుంటే పటపటమన్నయి,
ఎవ్వలం వినలేదన్నట్టు ఊకున్నం.

ప్రార్థన తెలుగుల,
పాయింట్ల లెక్క మరాఠీల,
తొండి మాత్రం రెండింట్ల.
"ఆఊట్!" అంటది శాలన్ తాయి.
"అంటలే, కొంగు తాకింది, కొంగు లెక్కకు రాదు!" అంటది దీనక్క.
ఆశా డ్యూటీ చేసే జైవంత మడావి
ఏ భాషలనూ కొట్లాడది,
నవ్వుకుంట ఉరుకుతది, దొరకనే దొరకది.

నా వంతు వచ్చింది.
రాజుబాయి నా ముందట, మూరెడు దూరంల.
అందదు.
ఊపిరి అడుగంటింది.
ఎవలికన్న ఖో ఇయ్యాలె.
నాకు దగ్గర ఉన్న వీపు ఒక్కటే,
కరుణది.

క్రిస్మస్ కాడికెల్లి ఆమెకు నాకు మాటల్లేవు.
చిట్టీ పైసల కాడ ఒక మాట నేనన్న,
రెండు మాటలు ఆమె అన్నది.
గుడిల నేను కిటికీ దిక్కు, ఆమె తలుపు దిక్కు.
ఇప్పుడు నా ముందట ఆ ఆకుపచ్చ జాకెట్టు,
చెమటకు అంటుకున్న ఇసుక,
వెనుకకు తిరిగి చూడదు,
చూడకుంటనే పిలుపు కోసం
ఒళ్లంత చెవి చేసుకోని కూసున్నది.

ముప్పావు గంటల సమజ్ గానిది
ఒక్క గడియల సమజైనట్టయింది.
లేకుంటే దమ్ము ఆడక అట్ల అనిపించిందో ఏమో.

ఖో!

లేసింది.
నా చెయ్యి వీపు మీదకెల్లి తియ్యకముందే లేసింది.
రాజుబాయి గొడుగు సుట్టు తిరుగుతుంటే
జుట్టు ముడి పట్టుకున్నంత పని చేసింది.
నేను ఆమె కూసున్న జాగల కూసున్న,
ఇసుక ఇంక వెచ్చగనే ఉన్నది.

ఎవలు గెలిసిన్రో ఇప్పటిదాంక తేలలే.
శాలన్ తాయి లెక్క వేరే, దీనక్క లెక్క వేరే.
ఉడకబెట్టిన గుడాలు పంచిన్రు,
తాయి డబ్బాల పచ్చిమిర్చి ఠేచాకు
పాస్టరమ్మ కండ్లల్ల నీళ్లు కారినయి,
ఆత్మ దిగిందన్నది రాజుబాయి. ఆమెతోని అంతే.

కరుణ వచ్చి నా పక్కన కూసున్నది.
గుడాలు బుక్కుకుంటనే, నదిని సూసుకుంటనే
"గట్టిగ గొట్టినవ్," అన్నది.
"ఆటల గొట్టిన," అన్న.
"ఎరుకే," అన్నది.

చిట్టీ పైసలింక తేలలేదు.
ఆవలి ఒడ్డున దీపాలు పడుతుంటే
మా ఒడ్డున ఎర్ర బస్సు ఆరన్ కొట్టింది.
ఇంటికొచ్చి చూసుకుంటె
ఎడమకాలు చెప్పు నాదే,
కుడికాలుది కరుణది.

రేపు ఇచ్చి రావాలె.
పొద్దుగాలనే పోతే
చాయ్ పోస్తది.