పై అంతస్తు దగ్గు

రాత్రి రెండింటికి
నా సీలింగు మీద ఒక బాతు అరుస్తుంది.
బాతు కాదది. పొంచెక్.
హల్ష్కా గారి పొమేరేనియన్,
నాలుగు కిలోల ఆరువందల గ్రాములు.
వాడి జాతికి పేరిచ్చిన తీరం ఇదే.
వాడి పేరుకి మాత్రం ఈ గ్దాన్స్క్‌లో అర్థం
జామ్ కూరి నూనెలో వేయించిన బూరె.

మొదటి చలికాలం చీపురు కర్రతో పైకప్పుని పొడిచాను.
రెండో చలికాలం లెక్కపెట్టడం మొదలైంది:
పదకొండు, పన్నెండు, ఆపైన వాంతి లాంటి గుటక,
ఆపైన ఆవిడ చెప్పుల చప్పుడు,
వేణ్ణీళ్ల కుళాయి మోత.
తలుపేసుకుని ఆ ఆవిరిలో
ఇద్దరూ టబ్బు అంచున కూర్చుంటారట.
పాతికేళ్లు ట్రామ్ నడిపిన మనిషి,
వాడి ఛాతీకి అరచెయ్యి ఆనించి
స్టాపుల పేర్లు చెబుతుందట, నెమ్మదిగా,
ఒక్కటీ వదలకుండా, డిపో వచ్చేదాకా.

మెట్ల మీద కలిసినప్పుడు చెప్పింది:
గొంతు గొట్టంలో ఉంగరాలు మెత్తబడ్డాయి,
తడిసిన అట్టలా లోపలికి కూలుతున్నాయి.
నయమయ్యేది కాదు. నెట్టుకురావాలి.
ఉల్లిపాయల ధర చెప్పినట్టు చెప్పింది.

కాలర్ తీసేసి ఛాతీ చుట్టూ పట్టీ వేసింది.
కొవ్వొత్తులు మానేసింది, చర్చి నుంచి తెచ్చినవి కూడా.
పోస్ట్‌మ్యాన్‌ని గంట కొట్టొద్దంది,
సంబరం ఎక్కువైనా ఊపిరి తెగుతుంది వాడికి.
నన్ను మాత్రం ఏమీ అనలేదు.
మెట్ల కిటికీ దగ్గర నా సిగరెట్ దాటేటప్పుడు
వాణ్ణి కోటులో దాచి, తనూ ఊపిరి బిగబట్టి ఎక్కేది.
డెబ్బై ఒకటి ఆవిడకి. మూడు అంతస్తులు.

ప్రతి శనివారం వంటింటి త్రాసు.
చిక్కుడు ముక్కలు, ఉడికిన క్యారెట్, కొలిచిన గుప్పెడు.
"ఒక్క గ్రామూ తగ్గడే!
గాలి భోంచేసి లావెక్కుతున్నాడా వీడు?"
నేను వంగి, ముడి ఊడని బూటు తాడు మళ్లీ ముడేసుకున్నాను.

మందుల షాపుకి వెళ్లే పూటల్లా
వాణ్ణి నాకే కదా అప్పగించేది.
నా జేబులో సాసేజి ఉండేది.
పొగబెట్టినది, వేలి పొడుగు ముక్క.
నా దగ్గరికి పరిగెత్తుకొచ్చే ప్రాణి ఇంకోటి లేదు.
వాడు వచ్చేవాడు,
దగ్గుతూ.

నిన్న చెప్పేశాను.
తిడుతుందనుకున్నాను. తలుపు మూసేసింది.
చాలాసేపు లోపల గిన్నెల చప్పుడు.
మళ్లీ తెరిచి డబ్బా ఒకటి చేతిలో పెట్టింది:
ఉడికిన చిక్కుడు, గోరువెచ్చగా.
"రోజుకి ఆరు. ఏడోది నువ్వు తిను.
ఆ జేబు ఉతుక్కో."

ఈ రాత్రి రెండింటికి మళ్లీ.
తొమ్మిది. పది. కుళాయి మోత.
ఆవిడ గొంతు ఇక్కడిదాకా రాదు.
నాకు తెలిసిన ట్రామ్ లైను ఒకటే, షిప్‌యార్డుకి పోయేది.
అగ్గిపెట్టె పక్కన పెట్టి
చీకట్లో దాన్నే మొదలుపెట్టాను.
నాలుగో స్టాపు పేరు గుర్తు రాలేదు.
పొద్దున్నే అడగాలి.