కోత

దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తునుంచి
ఐదు రోజులకోసారి
అలావుత్రా సరస్సు మీదుగా ఒక కన్ను వెళ్తుంది.
రెప్ప వేయదు.
జనవరిలో మాత్రం దానికి మబ్బు తప్ప మరేం దొరకదు,
కొండలు కరిగేది సరిగ్గా అప్పుడే.

నా పని అంచులు గీయడం.
అంతానానరివోలో మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ.
కొండ కడుపులో తెరుచుకున్న ప్రతి గుంత చుట్టూ
చుక్క చుక్క కలిపి ఒక గీత.
మావాళ్లు వాటిని లవాకా అంటారు. గుంత అని, అంతే.
పైన లావు తల, కిందికి సన్నని తోక,
వాలుకి అతుక్కున్న తోకకప్పల్లా ఉంటాయి.
మా కాగితాల్లో దీని పేరు నేల కోత.
కింద మళ్లలో ఏటా జరిగేదీ కోతే.
ఒకటి ఇంటికి తెస్తుంది.

ఈ బొమ్మల్లో రంగులు మనవి కావు.
పచ్చనిదంతా ఎర్రగా కనిపిస్తుంది.
ఎర్రమట్టి తెల్లబోయి ఉంటుంది,
తన ఒళ్లు తనకే కనబడ్డట్టు.

రెండు వందల పదిహేడో నంబరు గుంత.
తొమ్మిదేళ్ల బొమ్మలు వరసగా పెడితే
పై అంచు వెనక్కి పాకుతోంది, రెండేళ్లకో గడి.
గడి అంటే పది మీటర్లు:
ఒక సమాధి, దాని ముందు ఎద్దుని కట్టే జాగా.
ఆ అంచు దగ్గరే ఒక తెల్లచుక్క ఉండేది,
ఒకచోట మాయమై ఇంకాస్త పైన పుట్టేది.
మచ్చ అనుకుని తుడిచేశాను.

పదో ఏడు, గుంత నడుమ ఒక ఎర్రని గడి.
మరుసటేడు ఐదు.
లోపం అనుకున్నాను, మబ్బు నీడ అనుకున్నాను.
"వెళ్లి చూసి రా" అన్నాడు మా పెద్దసారు, విసుగ్గా.
నేల నిజం అంటాం దాన్ని,
మనిషి వెళ్లి అక్కడ నిలబడి
పైవాడు చెప్పింది ఔనో కాదో తేల్చడం.

హెరిలాంతు జీపు వాగు దగ్గరే ఆగిపోయింది.
మిగతాది నడక, కాల్చిన గడ్డి మసి పాదాలకి.
అంచున బోర్లా పడుకుని కిందికి చూశాను:
అరటి. కర్రపెండలం. నాలుగు బాతులు.
నడుం వంచి ఒకావిడ.

పక్కవాలునుంచి దిగడానికి అరగంట పట్టింది.
రజానామలాలా చేతులు చీరుకుపోయి ఉన్నాయి.
"కింద రెండు మళ్లుండేవి నాకు.
ఈ గుంతే వాటి మీద ఇసక పోసింది.
మొదటేడు చీలమండ దాకా, మూడో ఏడు మోకాలి దాకా.
కొండ నా మడిలోకి వచ్చింది,
నేను కొండలోకి వచ్చాను.
లెక్క సరిపోలేదనుకో. అరటి అన్నం అవుతుందా?"

పైన అంచునుంచి ఎద్దంత పెళ్ల విరిగి పడింది.
నేను అదిరిపడ్డాను.
బాతులు తల కూడా ఎత్తలేదు.
"మా పెద్దల్ని రెండుసార్లు వెనక్కి మోశాం" అంది,
పైకి చూడకుండానే.
"కొత్త పట్టు చుట్టాం రెండుసార్లూ. అప్పు ఇంకా ఉంది."

టాబ్లెట్ తీసి ఆమె గుంతని ఆమెకి చూపించాను.
పెద్దది చెయ్యమంది. చేశాను.
ఇంకా అంది. గడులు మెట్లుమెట్లుగా విడిపోయాయి.
"బాతుల గూడేది?"
గడికన్నా చిన్నదమ్మా, కనబడదు.
"నేను?"
కనబడవు.
"మరి ఈ ఎరుపంతా ఎవరిది?"
గోటితో ఆ ఐదు గడులనీ ఒక్కొక్కటే తాకింది.
తెర మీద ఐదు మట్టి మరకలు.

పట్టికలో మూడు గదులే ఉన్నాయి:
పెరుగుతున్నది, ఆగినది, మానినది.
వారమైంది, రెండు వందల పదిహేడు ఎదుట ఏమీ రాయలేదు.
ఆవిడ ఇచ్చిన అరటి హస్తం డెస్కు కింద మాగుతోంది,
పక్కసీటు కుర్రాడు అప్పుడే రెండు తిన్నాడు.
ఒక్క పని మాత్రం చేశాను,
తుడిచేసిన తెల్లచుక్కని మళ్లీ పెట్టాను,
అంచుకి రెండు గడుల దూరంలో.