లోరే ఫైలు

గురువారం పొద్దున. రూర్ లోయలో సన్నవాన.
మూతపడ్డ గని గేటుకు ఎదురు వరసలో
నాలుగో ఇటుకల ఇల్లు.
నా సంచిలో కొక్కెం కర్ర, తోలు చేతొడుగులు, రబ్బరు స్టాంపు.
నాకు బాగా వాడటం వచ్చింది మూడోదే.

రోస్‌వీతా కాచ్మరెక్ తలుపు తీసింది.
డెబ్బై నాలుగేళ్ళు. చేతిలో బంగాళాదుంప, చిన్న కత్తి.
"బూట్లు విప్పకండి ఫ్రావ్ టెర్హోర్స్ట్, నేల చల్లన.
ఆయన కిందే..." అని ఆగి
"అది కిందుంది" అని దిద్దుకుంది.

నేలమాళిగకు పద్నాలుగు మెట్లు.
గాజుపెట్టెకు రెండు తాళాలు, చట్టం అడిగినట్టే.
గోడ మీద, ఫిబ్రవరిలో పోయిన ఎగోన్ గుండ్రటి చేతిరాతలో
కాటు పడితే పిలవాల్సిన నంబరు,
విరుగుడు ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో.
చివర: రోసీ, కంగారు పడకు.

గిలకపాము. పేరు లోరే.
"గనిలో బొగ్గు మోసే తొట్టిబండినీ
అలాగే పిలిచేవాళ్ళు," అందామె.
నెలకో ఆదివారం సంత జరిగేదట అప్పట్లో.
పెరుగు డబ్బాల్లో పాములు,
మూతలకు సూదితో పొడిచిన చిల్లులు,
పక్కన అంటించిన ధర.
కొనేవాడి వయసు ఎవరూ అడిగేవారు కాదు.
"మేం వెళ్ళింది పాత కుట్టుమిషన్ కోసం.
ధర ఇంచుమించు ఒకటే."

ఆ తర్వాత ఒక వేసవిలో ఎవరిదో తాచు తప్పించుకుంది,
ఒక వీధి వీధంతా బడి వ్యాయామశాలలో పడుకుంది.
శీతాకాలానికి చట్టం వచ్చింది.
కొత్తవి కొనకూడదు, అమ్మకూడదు, పిల్లలు పెట్టించకూడదు.
ఉన్నవి రాయించుకుంటే
చచ్చేదాకా ఉండొచ్చు.
పాము చావకుండా, కర్ర విరక్కుండా రాశారు.
ఆ కర్ర మోసేది నేను.

బీమా కాగితం చూశాను. పోలీసు ధ్రువపత్రం చూశాను.
శిక్షణ తరగతిలో
మెడల దాకా పచ్చబొట్లున్న కుర్రాళ్ళ మధ్య
మేజోడు అల్లుతూ కూర్చుందట ఈమె.
నూటికి తొంభై ఆరు.

సంఖ్య అన్న గడిలో
ఒకటి వేశాను. నిలువుగా ఒక గీత.

"ఇంకోసారి చూడండి," అంది.

టార్చి వేశాను.
బెరడు ముక్క కింద, లోరే మడతల్లో,
పెన్సిలంత లావున,
ఒకటి, మూడు, ఆరు... మళ్ళీ లెక్కపెట్టాను.
పది.

మగదాన్ని పెట్టింది ఎప్పుడని అడిగాను.
నాలుగేళ్ళ కిందట, ఎగోన్ స్నేహితుడు తెచ్చాడు,
వారం రోజులు.
చట్టానికి మూడేళ్ళు.
ఆడది దాచుకుంటుందని చదివాను,
ఇన్నేళ్ళు దాచుకుంటుందని
చదివినప్పుడు నమ్మలేదు.

ఫారంలో గడులున్నాయి:
కొన్నవి, ఇచ్చేసినవి, చచ్చినవి, తప్పిపోయినవి.
పుట్టినవి లేదు.

"గనిలోనూ ఇదే కాగితం అంటించారు," అంది దుంప చెక్కుతూ.
"ఉన్నవాళ్ళు ఉండండి, కొత్తవాళ్ళని తీసుకోం.
ఎగోన్‌ది ఆఖరి బ్యాచి.
మెల్లగా మీరే అయిపోతారన్నారు.
చాలా మర్యాదగానే అన్నారు."

నేను నియమం చెప్పాను.
ఇవి పదీ వెళ్ళాలి.
ఉత్తరాన ఒక ప్రయోగశాల ఉంది,
విషం పిండి మందు చేస్తారు,
జాగా ఉంటే తీసుకుంటారు.
లేకపోతే...
ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశాను.
తొక్క తెగకుండా పొడుగ్గా దిగుతోంది.

అప్పుడు లోరే మోగింది.
ఎండుగింజలు రేకుడబ్బాలో కుదిపినట్టు,
మోకాళ్ళలోకి దిగే చప్పుడు.
తల్లిని చూసి పిల్లలూ తోకలెత్తాయి.
ఒక్కో తోకకు ఒక్కటే బొడిపె.
ఒక కుబుసమైనా విడిస్తే గాని రెండోది రాదు,
రెండోది తగిలితే గాని మోగదు.
పది తోకలు అంత కోపంగా ఊగుతున్నాయి,
ఏమీ వినబడటం లేదు.

పైన వంటింట్లో, కాఫీ చల్లారాక,
ఇందాకటి ఒకటి పక్కన
ఇంకో నిలువుగీత గీశాను.
చెయ్యి కొంచెం వంకర పోయింది.
స్టాంపు తడి ఆరాలని
ఆమె కాగితం మీద ఊదింది,
పిల్లల పాలు ఊదినట్టు, మెల్లగా.