ఇసుమంత

లేత్ ఆపి చేతులు తుడుచుకున్నాను.
రూళ్లకాగితం మడత విప్పి బల్ల మీద పరిచాడు లికాండో.
ఎక్కడో చదివి, స్కేలు పెట్టి గీసుకొచ్చిన కొలతలు:
416 రిగ్బీ. గది బిగువుగా.
మెడ దగ్గర ఇంచిలో వెయ్యో వంతు లెక్కన.
వంద మీటర్లలో మూడు గుళ్లూ
ఒకే చిల్లులో దూరాలట.

ఓట్జివరోంగోలో ఈ రేకుల షెడ్డు నాది.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఉక్కు తొలిచి బతుకుతున్నదాన్ని.
ఇలాంటి కాగితాలు సొరుగు నిండా ఉన్నాయి.
బిగువంటే అందరికీ మోజు.
నాకూ ఉండేది, ఒప్పుకుంటాను.

"ఎక్కడ కాలుస్తావు?"
"క్వాండో ఒడ్డున. రెల్లులో."
"ఎంత దూరంలో?"
కళ్లతోనే నేల కొలుచుకున్నాడు.
"ఎనిమిది అంగలు. ఒక్కోసారి ఆరు."
"మరి వంద మీటర్ల చిల్లు ఎవరికి?"
నవ్వలేదు.

సుద్దముక్క తీసుకుని బల్ల మీదే గీశాను.
ఇది ఇత్తడి, ఇది ఉక్కు, రెంటి మధ్యా ఊపిరాడాలి.
పేలగానే ఇత్తడి ఉబ్బి గోడను కరుచుకుంటుంది,
మరుక్షణం వదిలెయ్యాలి.
నవంబరు ఎండలో జీపు బానెట్ మీద కాగిన తూటా
ఇంకాస్త గట్టిగా కరుస్తుంది.
భుజం దగ్గర బిగువు ఉండనీ,
అక్కడ సందిస్తే ఇత్తడి చిరుగుతుంది.
ఒళ్లు మాత్రం వదులు.
గొంతు పొడుగ్గా కోస్తాను, లావాటి గుండు
గాళ్లలో పడేముందు కాస్త నడుం చాపుకోనీ.
ఈ తూటాకి పాతకాలం వాళ్లు అంత కడుపు పెట్టింది
తక్కువ కోపంతో ఎక్కువ పని చేయించడానికే.

"ఎంత వదులు?"
"వెంట్రుకవాసి."
"ఎవరి వెంట్రుక?" అన్నాడు,
చొక్కా జేబు గుండీ తీస్తూ.

బల్ల మీద నిలబెట్టాడు ఒక తూటా.
పేలనిది. ఒంటి మీద నిలువునా ఒక గీత,
ఎవరో గోటితో గీరినట్టు.

"మా చిన్నాన్న ముబిటాది.
మొదటి దెబ్బ తగిలింది. దున్న తిరిగింది.
రెండోది సగం దూరి ఆగింది.
మాకు దొరికేసరికి
ఆయన కుడి అరచెయ్యి ఇంకా బోల్టు మీదే ఉంది,
నెడుతున్నట్టే."

ముబిటా సిన్వులా.
ఆ పేరు నా ఆర్డర్ల పుస్తకంలో ఉంది, ఆకుపచ్చ సిరాలో.
కొలత పక్కన నేనే మురిసి రాసుకున్న మాటా ఉంది:
ఇంతకంటే బిగువుగా ఎవరూ కొయ్యలేరు.

ఫ్యాను గాలికి ఇనుపరజను
కాగితం అంచు మీద కదులుతోంది.
తుపాకీకి నోరుంది, నాలుక లేదు.

"తెలిసే వచ్చావా?"
"తెలిసే. ఎక్కడ తప్పిందో మీకే కదా తెలిసేది."
"మరి ఈ కాగితం?"
"మీరు ఒప్పుకుంటారేమో చూద్దామని."

కొత్త రీమర్ సానకు ఆరు వారాలు పట్టింది.
ఈలోగా కటిమా వెళ్లే లారీవాడి చేత
ఒక పాలడబ్బాడు క్వాండో ఇసుక తెప్పించాను.
ఉత్త తూటాలకు పూసి, గదిలో చల్లి,
కళ్లు మూసుకుని నెట్టాను, నలభై సార్లు.
దూరిన ప్రతిసారీ ఊడి వచ్చింది.
వంద మీటర్లలో మూడు గుళ్లూ మూడు దిక్కులు పట్టాయి,
అరచెయ్యి మూసేటంత మేర.
ఒకప్పటి వీబ్కె అయితే
ఆ అట్టను ఎవరికంటా పడకుండా చింపేసేది.

ఇసుమంత చోటు.
ఇసుక రేణువు వస్తే ఒదిగేటంత.
అది ఇవ్వడానికే చెయ్యి రాలేదు నాకు అప్పుడు.

సగం డబ్బు చాలన్నాను.
నోట్లన్నీ లెక్కపెట్టి నా ముందుంచాడు,
ఒక్కటీ తగ్గించలేదు. అది దయో శిక్షో
ఇవాళ్టికీ తేల్చుకోలేను.
చిన్నాన్న తూటా మాత్రం ఇక్కడే వదిలేశాడు.
మందు తీసేశాను.
ఏ గది కోసినా దాన్ని ఒకసారి జారవిడుస్తాను,
తన బరువుకి తనే దిగాలి.

ఈ ఉదయం విండ్‌హోక్ నుంచి ఒకాయన,
మెరిసే బూట్లు, నలగని కాగితం.
బిగువుగా కావాలట.
కుర్చీ చూపించాను.
ఎక్కడ కాలుస్తారు, అని మొదలుపెట్టాను.