నలభై ఒకటో నంబరు

రాత్రి రెండున్నర. తార్నాక.
హబ్సిగూడ రోడ్డు మీద నిమజ్జనం బండ్లు.
ఆ డప్పులకి కిటికీ అద్దాలే కాదు
పంజరాల్లో మీసాలూ వణుకుతున్నాయి.

పేగుకి సూదితో చిల్లు పెట్టింది నేనే.
ఇరవై గంటలాగి మందెక్కించిందీ నేనే.
మధ్యలో నెత్తురు విషమై
గోరంత ఊపిరితిత్తులు, చిక్కుడుగింజంత కిడ్నీలు
ఒక్కొక్కటే దుకాణం బంద్ చేశాయి.

క్రియాటినిన్ నాకు తెల్లారితేగానీ చెప్పదు.
మొగులయ్యకి చూస్తే చాలు.
"గీ నాలుగిటికి బూరు లేసింది మేడం, దక్కయి."
దక్కలేదు.

పొట్టు మార్చబోయి ఆగిపోయాడు.
వేలితో నొక్కి, వాసన చూసి,
కొడుకు పది పాసైనట్టు అరిచాడు:
"నలభై ఒకటి ఉచ్చ పోసింది!"

ఇద్దరం వంగి చూశాం,
రూపాయి బిళ్ళంత తడి.
రెండేళ్ళలో
మందుకి జవాబుగా వచ్చిన మొదటి తడి.
నోట్‌బుక్‌లో గంట వేసి, "మూత్రం: వచ్చింది" అని రాశాను.
ఇంకేం రాయాలో తోచలేదు.

అది కళ్ళు తెరిచి
నీళ్ళ గొట్టం నాకింది.

పొద్దున తొమ్మిదికి
ఆ కిడ్నీని కోసి చూడాలి, ఎలా బతికిందో.
మొగులయ్యకి తెలుసు.
అయినా కొత్త పొట్టు
రెండు గుప్పిళ్ళు ఎక్కువే వేశాడు.