తొడిమ

బ్రాడీపేట, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
రేకుల హాలు. గంటకి మూడొందలు.
యార్డు నుంచి అరువు తెచ్చిన టిక్కీ ఒకటి
నేల మీద కుమ్మరించి
మధ్యలో కూర్చున్నాను,
చేతులకి ఏమీ తొడుక్కోకుండా.

కాయ తీయడం, తొడిమ గిల్లడం,
గంట కొట్టినప్పుడల్లా
గోడమీది తెల్లకాగితానికి బొటనవేలు అద్దడం.
మాటల్లేవు.
"నాటికన్నారు, డైలాగులేవమ్మా?"
కుర్చీలు అద్దెకిచ్చిన బాజీ
రెండు తుమ్ములు తుమ్మి బయటికెళ్లాడు.

మొదటి ముద్రలో గీతలన్నీ ఉన్నాయి.
ఒక సుడి, సుడి చుట్టూ డొంకలు,
ఏదో చిన్న ఊరి పటంలా.

మా ఊరి పటం మా దగ్గర లేదు.
పులిచింతల నీళ్లు దాని మీద పడుకున్నాయి.
కాలనీలో ఇచ్చిన ఇంటికి నంబరుంది,
అమ్మకి కార్డుంది, కార్డు మీద సువార్తమ్మ అని ఉంది.
బియ్యం మిషను మాత్రం
ఆమె వేలు చూసి ఎర్రదీపం వెలిగిస్తుంది.
"ఇంకో వేలు పెట్టు."
ఇంకో వేలు.
"ఇంకోటి."
పదీ అయిపోయాక
ఎవరివో సామాన్లు పొరపాటున తెచ్చినట్టు
చేతుల్ని కొంగులో దాచుకుని వచ్చేది.

కిలోకింతని ఇరవయ్యేళ్లు గిల్లిన వేళ్లు.
కాయలు ఓడలెక్కి పోయాయి,
గీతలూ వాటితోనే పోయుంటాయి.
ఏ దేశంలోనో, ఎవరి కూరలోనో
మా అమ్మ ఉంది.

ఇంటికొచ్చి నన్ను మోచేతులతో ఎత్తుకునేది.
కళ్లు ముంజేతి వెనకవైపుతో తుడిచేది.
ఆమె అరచెయ్యి ఎట్లా ఉంటుందో
నాకు జ్వరమొచ్చి ఆమె పని మానేసిన
మూడోరోజు తెలిసింది.

ఐదో గంట. గోళ్ల కింద నిప్పు.
ఒక్కపూటలో గీతలు పోవు, తెలుసు.
ఎరుపు కమ్మేసింది, అంతే.
ఒకామె ఏడ్చింది.
ఘాటుకా, నాకా, అడగలేదు.
ఒకాయన, నా చీర మోకాలిపైకి జరిగిందని
తల తిప్పుకున్నాడు.
తిప్పుకుని, ఫోను మాత్రం ఇటే పట్టుకున్నాడు.

ఏడో గంటకి అమ్మ వచ్చింది,
పని దిగి, ఖాళీ క్యారేజీతో.
చెప్పులు బయట విడిచి
కుప్పలోకి నడిచి ఎదురుగా గొంతుక్కూచుంది.
నేను గిల్లినవి తిరగేసి పెదవి విరిచింది.
"సగం కండ తొడిమతోనే పోతంది.
ఇట్టయితే కూలి కోస్తారే."
తను మొదలెట్టింది.
జనం కుర్చీలు ముందుకి జరుపుకున్నారు.

గంట కొట్టింది.
ఎవరూ చెప్పకుండానే లేచి
కాగితం దాకా వెళ్లి
కాసేపు నా మరకల్ని చూసి,
వేలు కాదు,
మోచెయ్యి అద్దింది.