రెండోసారికీ మూడోసారికీ నడుమ

"పాటలండీ. ముక్కలు చేసి, పేర్లు పెట్టివ్వాలి"
అని ఫోను బల్లమీద పెట్టింది కొప్పాడి నూకరత్నం కూతురు.
రెండు గంటల పదకొండు నిమిషాలు. ఒకటే ఫైలు.
పేరు: రికార్డింగ్ పద్నాలుగు.

పెళ్లిపాటలనుకున్నాను.
హెడ్‌ఫోను తగిలించగానే చెవినిండా ఐసు పగిలింది.
పల్లిపాలెం జెట్టీ, ఇంకా తెల్లారలేదు,
బోట్ల ఇంజన్లు ఒక్కొక్కటీ దగ్గి ఆగుతున్నాయి.
వాటి మీంచి ఒక ఆడగొంతు:
"కానాగంతలు, కానాగంతలు! గంప ఎనిమిదొందలు!
ఎనిమిదొందలు ఒకటోసారి..."

ఓహో, వేలంపాట.
మనకి ధర పెంచడం కూడా పాడడమే కదా.

ఇరవై రెండేళ్లు ఆ సిమెంటు గట్టుమీద పాడిన గొంతుని
కాకినాడలో కోశారు.
కంతి పోయింది, వెంట మాటని తీసుకుని.
ఐసులారీ క్లీనరు ఎప్పుడో సరదాకి తీసిన ఈ రికార్డింగు మిగిలింది.
"ఒక బొత్తాం నొక్కితే చేప, ఇంకోటి నొక్కితే ధర,
అలా కావాలండి. పాట మానదంట మా అమ్మ."

మలికిపురం సెంటర్లో నాది జెరాక్సు షాపు.
రాత్రి షట్టరు సగం దించి కూర్చున్నాను.
తెరమీద ఆమె గొంతు పోటూ పాటూగా కదులుతోంది,
పాటు దగ్గర కత్తెర వేస్తూ పోయాను.
చందువా.
సావిడాయి, రెండుచోట్ల దొరికింది,
ఒకదాన్లో కాకి ఉంది, కాకి లేనిది ఉంచాను.
మాగ, మాట మధ్యలో ఎందుకో నవ్వింది,
ఆ నవ్వు కోస్తే "మా" ఒక్కటే మిగులుతోంది, వదిలేశాను.
"ఒరే పెద్దిరాజూ, తడిచేత్తో నోట్లియ్యకురా!"
దీనికేం పేరు పెట్టాలి? "తిట్టు" అని పెట్టాను.
అవసరం పడుతుంది.

ఐదొందలుంది, ఏడొందలుంది, ఆరొందలు ఎక్కడా లేదు.
ఆ రోజు ఏ గంపా ఆ మాట దాకా రాలేదు.
"ఆరు గంపలు" లోంచి ఆరు తెచ్చి
ఏడొందల తోకకి అతికించాను.
చిరిగిన వలలో వేరే రంగు దారంలా తెలుస్తూనే ఉంది.

ఖాళీలన్నీ ఒక్క నొక్కుతో తీసేశాను.
శుభ్రంగా వచ్చింది, నూటపన్నెండు ఫైళ్లు.

సోమవారం నూకరత్నమే వచ్చింది, మెడకి తువ్వాలు చుట్టుకుని.
వినిపించాను: ఒకటోసారిరెండోసారిమూడోసారి.
తల అడ్డంగా ఊపింది.
మళ్లీ వేశాను. మళ్లీ ఊపింది.
కుర్చీలోంచి లేచి ఒక వేలు చూపింది. రెండు వేళ్లు చూపింది.
మూడోది ఎత్తలేదు.
రెండు వేళ్లూ అలాగే గాలిలో ఆపి
షాపులో ఉన్నవాళ్లని ఒక్కొక్కర్నీ చూసింది.
నా కుర్రాడు కాగితాలు సర్దడం ఆపేశాడు.
ఆధార్ కాపీకి వచ్చిన పెద్దాయన
ఎందుకో తెలీకుండానే జేబులో చెయ్యి పెట్టాడు.

పాత ఫైలు తెరిచి వెతికాను.
రెండోసారికీ మూడోసారికీ నడుమ నాలుగు సెకన్లు.
ఐసునీళ్లు కారుతున్నాయి. ఎవరో ఊపిరి పట్టారు.
కోసి పక్కన పెట్టాను.
పేరు లేకుండా దాచనంటుంది కంప్యూటరు.
"ఖాళీ" అని కొట్టాను, వేరే తోచలేదు.

నిన్న కూతురు వచ్చింది, డబ్బులివ్వడానికి.
ఆరొందల అతుకు గాలిలో ఎవరికీ తెలియట్లేదంట.
తిట్టు రోజూ వాడుతోందంట.
ఆ ఖాళీ బొత్తాం మాత్రం ముట్టుకోదంట.
అది తనే పాడుకుంటుందంట.